పదకొండు నిమిషాలు

తుఫానులకైతే పేర్లు పెడుతరు.
సముద్రం మీదనే నామకరణం జేసి
ఒడ్డుకు తోలుకొస్తరు.
మాకొచ్చినదానికి పేరు లేదు.
నాలుగూ నలభైకి మౌలాలి గుట్ట ఎనుక లేసింది,
నాలుగూ యాభై ఒకటికి పోయింది.
సబ్‌స్టేషన్ రిజిస్టర్ల నేను రాసింది గంతే:
గాలిదుమారం. ఫీడర్లు నాలుగు ట్రిప్.

మొదలు కాకులు అరుసుడు బంద్ జేసినయి.
పాల కవరొకటి రోడ్డు నడుమ నిలబడి
తన సుట్టు తాను తిరగబట్టింది,
బొంగరం కొత్తగ నేర్సిన పోరని లెక్క.
దానికి జతగ ఇంకో కవరు, చింతాకు,
చాయ్ కప్పులు, ఎవరిదో కట్టని కరెంటు బిల్లు.
మన్ను వాటన్నిటినీ ఒక్క తాడు పేని
మబ్బుకు ముడేసింది.
ఆ తాడు అడ్డగుట్ట దిక్కు నడిసింది.

షహనాజ్ ఆపా ఇంటిమీద ఎనిమిది రేకులు.
ఐదిటికి కిస్తులు కట్టింది, మూడు బాకీ.
గాలికి ఏం ఎరుక?
ఎగరకుంట పెట్టిన బండరాళ్లతో సహా లేపి
ఆరు రేకులు పట్టుకపోయింది.
ఒకటి మా ట్రాన్స్‌ఫార్మర్ మీద పడి
పచ్చగ మెరిసి, నల్లగ ముడుసుకున్నది.
కట్టినదో బాకీదో అని
నంబర్లు లేని దాన్ని తిప్పి తిప్పి చూస్తనే ఉన్నది ఆపా.

రైల్వే క్వార్టర్ల కాడ తురాయి చెట్లు
పూతమీద ఉన్నయి గదా, పూతమీదనే పడుకున్నయి.
రోడ్డంత ఎరుపు. ఆటోలు తొక్కుకుంట పోతున్నయి.
కూలినంక చూసినం మొదలు:
రెండంతస్తుల చెట్టుకు
వేరు చాపంత గూడ లేదు.
మెడదాకా సిమెంటు పోసి
ఫుట్‌పాతు అందంగున్నదని ఫొటోలు దిగినోళ్లం మనం.

పక్కన్నే వేప నిలబడ్డది.
లైను కింద ఉన్నదని
ఏటా మే నెలల నేను తల నరికే వేప.
పట్టుకోను జుట్టు దొరకక
గాలి దాన్ని ఇడిసిపెట్టింది.
నా కత్తిని మెచ్చుకోకుర్రి,
ఆ వేప నీడ ఎవ్వలికీ ఆనదు.

రెండో రాత్రి, నిద్ర లేదు.
నీలగిరి చెట్టు తీగల మీద ఒరిగితే
నేనూ బాలనర్సూ కొమ్మలు కోస్తున్నం.
కొమ్మలతో పాటు గంపంత గద్దగూడు దిగింది.
టార్చ్ ఏసినం.
పుల్లలు తక్కువ. పతంగి మాంజా,
బడిపోరల టై ఒకటి,
నీలం రంగు ఇనుప హ్యాంగరు,
ఇంకా, నా చేతి మెలిక ఉన్న అల్యూమినియం తీగె.
పోయినేడు నేనే కోసి కింద పడేసిన ముక్క.
వంకర చూసి గుర్తుపట్టిన.

గూట్లె ఒక్క పిల్ల,
తడిసి బొచ్చంత అంటుకపోయినా
మమ్ములనే తిడుతున్నట్టు నోరు తెరిసింది.

చీకట్ల చూడవచ్చిన ఆపా
హ్యాంగరు చూసి నవ్వింది.
"నాదే. పోయిన రంజాన్ల పోయింది.
పక్కింటామెను అనుమానపడ్డ."
ఇయ్యబోతే తీసుకోలే.
"ఇంట్లకు వాడుకున్నది గదా, ఉండనియ్.
బైండింగ్ వైరు ఉంటే చెప్పు తమ్మీ,
మిగిలిన రెండు రేకులు కట్టుకోవాలె."

స్టోరు సామాను. మూరమూరకూ లెక్క.
ఆరు గజాలు చుట్టి చేతిల పెట్టిన.

పిల్లను పొద్దుందాక డబ్బల పెట్టినం,
రిలే ప్యానెల్ పక్కన, వెచ్చగుంటదని.
ఫోను మోగుతనే ఉన్నది:
కరెంటు ఎప్పుడొస్తది, కరెంటు ఎప్పుడొస్తది.
మోగినప్పుడల్లా అది
ఫోను దిక్కు తిరిగి నోరు తెరుస్తున్నది,
అమ్మ అనుకున్నదేమో.

తెల్లారంగ గూడును కొత్త స్తంభం పక్కన
వేప చెట్టు నరికిన తలమీద కట్టినం.
పైన తల్లి తిరుగుతున్నది,
దగ్గరికైతే రాలే.
ప్లయర్‌తోని తీగె కొనలు కోస్తుంటే
ఎప్పటిలెక్క జేబుల ఏసుకోకుంట
కొన్ని కిందికి ఇడిసిన.

బాలనర్సు రిజిస్టర్ తెరిసి అడిగిండు:
"తీగె తక్కువున్నది అన్నా, ఏం రాయాలె?"

గాలి ఖాతల రాయమన్న.